ఎరుకతో నడిపించడం ఎలా? వ్యాపారంలో, సమాజంలో నిలిచే మార్పు కోసం ఒక సమగ్ర మార్గదర్శి

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 1973లో వెలువడ్డాయి. మతబోధకులుగా శిక్షణ పొందుతున్న విద్యార్థులను ఒక్కొక్కరిగా పిలిచి, పక్క భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు. అతన్ని అక్కడ ఉంచింది ప్రయోగం చేసినవారే. తొందరేమీ లేదని చెప్పి పంపిన విద్యార్థుల్లో 63 శాతం మంది ఏదో ఒక విధంగా సాయం చేయబోయారు. ఇప్పటికే ఆలస్యమైందని చెప్పి పంపినవారిలో ఆ పని చేసింది 10 శాతం మంది మాత్రమే. ప్రయోగంలో పాల్గొన్న విద్యార్థుల్లో సగం మంది ప్రసంగించబోతున్న అంశం బైబిల్లోని మంచి సమరయుని కథ. దారిన పడి ఉన్నవాడిని ఆదుకున్న మనిషి కథను తలలో నెమరువేసుకుంటూనే, కొందరు దారిన పడి ఉన్నవాడిని దాటి వెళ్లిపోయారు.

సుస్థిర వ్యాపారం, అంటే ప్రకృతినీ సమాజాన్నీ దెబ్బతీయకుండా నడిచే వ్యాపారం మీద రాసేవారు సాధారణంగా విలువల దగ్గర మొదలుపెడతారు. విలువలు ఆ విద్యార్థులకూ ఉన్నాయి. లేనిదల్లా వ్యవధి. శుద్ధి చేయని నీటిని కాలువలోకి వదిలేయడం, చిన్న సరఫరాదారుల బిల్లులు నెలల తరబడి తొక్కిపెట్టడం వంటి నిర్ణయాల వెనక దుర్బుద్ధి ఉండటం అరుదు. ఎక్కువగా ఉండేది నెలాఖరు లెక్కల ఒత్తిడి, ఆగకుండా మోగే ఫోను, ముందే ఎవరో తయారుచేసి పెట్టిన కాగితం మీద సంతకం. అందుకే ఈ మార్గదర్శిలో ప్రశాంతత గురించి తక్కువగా, ఏర్పాట్ల గురించి ఎక్కువగా ఉంటుంది. నాయకుడి మనసు బాగోలేని రోజున కూడా సంస్థ కళ్లు తెరుచుకునే ఉండాలంటే ఏమేం చేయాలన్నదే ఇక్కడి విషయం. మన నిర్ణయాల భారం ఎవరి మీద పడుతుందో గమనిస్తూ నడవడమే ఇక్కడ ఎరుక. చిన్న సంస్థ అయినా, సహకార సంఘమైనా, స్వచ్ఛంద సంస్థ అయినా పద్ధతి ఒకటే.

మొదటి అడుగు: తొందర ఎక్కడ పుడుతోందో రాసుకోండి

రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. మీరు అవునని గానీ కాదని గానీ చెప్పిన ప్రతి ముఖ్య విషయానికి నాలుగు ముక్కలు రాయండి. ఎవరు అడిగారు? ఈ రోజే ఎందుకు తేల్చాల్సి వచ్చింది? అప్పుడు ఒంట్లో ఎలా ఉంది (దవడ బిగుసుకుందా, ఆకలిగా ఉందా, విసుగ్గా ఉందా)? దీని ఫలితం ఎవరి మీద పడుతుంది? ఇంతకన్నా ఎక్కువ రాయాలని కూర్చుంటే మూడో రోజుకే మానేస్తారు.

రెండు వారాల తర్వాత వెనక్కి తిరిగి చదవండి. గడువుల్లో కొన్ని నిజమైనవి, కొన్ని ఎవరో నోటి మాటగా అన్నవి, మరికొన్ని మీరే పెట్టుకున్నవి అని తేలుతుంది. చివరి రెండు రకాలను అక్కడికక్కడే రద్దు చేయవచ్చు. చాలామంది నాయకులకు ఈ ఒక్క పని వల్లే వారంలో కొన్ని గంటలు చేతికి వస్తాయి.

తర్వాత ఒక నియమం పెట్టుకోండి. వెనక్కి తీసుకోగలిగిన నిర్ణయాలను త్వరగా తీసుకోవచ్చు, తీసుకోవాలి కూడా. వాటిని నాన్చడం కూడా ఒక రకమైన నిర్లక్ష్యమే. వెనక్కి తీసుకోలేనివి, లేదా గదిలో లేని మనుషుల మీద భారం మోపేవి మాత్రం ఒక రాత్రి గడవకుండా తేల్చకూడదు. మనుషులను ఉద్యోగం నుంచి తీసేయడం, చెట్లు కొట్టించడం, ఒక ఊరి నీటి వనరును వాడుకోవడం ఈ కోవలోకి వస్తాయి. ఈ నియమాన్ని మీలోనే ఉంచుకోకుండా సహచరులకు చెప్పండి. మీరు తప్పినప్పుడు గుర్తుచేసే హక్కు వాళ్లకు ఉంటుంది.

రెండో అడుగు: రోజుకు పది నిమిషాలు, ఒక హెచ్చరికతో

ధ్యానాన్ని ఆస్పత్రులకూ ఆ తర్వాత కార్యాలయాలకూ తెచ్చిన వారిలో జాన్ కబాట్-జిన్ ముఖ్యుడు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో ఆయన మొదలుపెట్టిన కార్యక్రమం ఎనిమిది వారాలు సాగుతుంది. మతంతో ముడిపెట్టకుండా, శ్వాస మీదా శరీరం మీదా దృష్టి నిలపడం నేర్పుతుంది. నాయకుడికి అంత విస్తారమైన సాధన తప్పనిసరి కాదు. పనిలో దిగే ముందు పది నిమిషాలు కూర్చుని ఊపిరిని గమనించడం, దృష్టి జారిపోయిందని తెలిసినప్పుడు తిరిగి తెచ్చుకోవడం చాలు. ఆ జారిపోవడాన్ని పసిగట్టడమే అసలు వ్యాయామం. సమావేశంలో కోపం తలకెక్కుతున్నప్పుడు అక్కరకు వచ్చేది ఆ నేర్పే.

దీని వల్ల ఏమైనా ప్రయోజనం ఉందా? కొంత ఉంది. 2014లో ఆండ్రూ హాఫెన్‌బ్రాక్, మరో ఇద్దరు పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లో, పదిహేను నిమిషాలు శ్వాస మీద ధ్యానం చేసినవారు, ‘ఇప్పటికే ఇంత డబ్బు పోశాం కదా’ అని నష్టపోయే పనిలోనే కొనసాగే ధోరణికి తక్కువగా లోనయ్యారు. కలిసిరాని ప్రాజెక్టును ఆపలేక సతమతమయ్యే ఎవరికైనా ఇది పనికొచ్చే సంగతి.

అయితే హాఫెన్‌బ్రాక్ మరికొందరితో కలిసి 2022లో ప్రచురించిన మరో పరిశోధనను ధ్యాన శిక్షకులు అంతగా ప్రచారం చేయరు. తప్పు చేశామన్న భావనతో ఉన్నవారు శ్వాస ధ్యానం చేస్తే ఆ అపరాధ భావన తగ్గింది. దాంతోపాటు, నష్టపోయినవారికి సరిదిద్దాలన్న తపన కూడా తగ్గింది. అంటే మనసును కుదుటపరిచే సాధనం మనస్సాక్షిని కూడా జోకొట్టగలదు. ఇతరుల క్షేమాన్ని కోరుతూ చేసే మైత్రీ ధ్యానంలో ఈ దోషం తక్కువగా కనిపించింది. సంస్థల్లో ధ్యానం గదులు కట్టించి, కార్మికుల ఫిర్యాదుల పెట్టెకు తాళం తీయని యాజమాన్యాలను గమనిస్తే ఈ ఫలితం నాకేమీ ఆశ్చర్యం కలిగించలేదు.

కాబట్టి రెండు జాగ్రత్తలు. ఎవరికైనా నష్టం చేశామని తెలిసిన రోజున ముందు వారికి ఫోను చేయండి, తర్వాత ధ్యానానికి కూర్చోండి. కూర్చున్న ప్రతిసారీ లేవబోయే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రోజు నేను తేల్చబోయే విషయాల ఖర్చు ఎవరు భరిస్తారు? మనుషుల ముఖాలు గుర్తుకు రావాలి. ‘సమాజం’, ‘పర్యావరణం’ వంటి పెద్ద మాటలు వస్తే ఇంకొంచెం సేపు కూర్చోవాలని అర్థం.

మూడో అడుగు: మీ పని మిగిల్చే ముద్రను లెక్కగట్టండి

సుస్థిరాభివృద్ధికి ఇప్పటికీ ఎక్కువగా చెప్పుకునే నిర్వచనం 1987 నాటి బ్రంట్‌లాండ్ కమిషన్ (ఐక్యరాజ్యసమితి ఏర్పాటుచేసిన సంఘం) నివేదికలోనిది: భావి తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తిని దెబ్బతీయకుండా ఈ తరం అవసరాలు తీర్చుకోవడం. వినడానికి బాగుంటుంది గానీ సోమవారం ఉదయం ఏం చేయాలో చెప్పదు. దాన్ని లెక్కల్లోకి దించాలి.

భూమిని వేడెక్కించే హరితగృహ వాయువుల విషయంలో ఆ పని సులువు చేసింది, వాటిని లెక్కగట్టే పద్ధతిగా 2001లో తొలిసారి వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్. ఉద్గారాలను, అంటే బయటికి వెలువడే ఆ వాయువులను, అది మూడు పరిధులుగా విడదీస్తుంది. మీ బాయిలరు, జనరేటరు, వాహనాల నుంచి నేరుగా వచ్చేవి మొదటి పరిధి. మీరు కొనే విద్యుత్తు తయారీలో వెలువడేవి రెండోది. ముడిసరుకు తయారీ, రవాణా, ఉద్యోగుల ప్రయాణాలు, కొన్నవారు మీ వస్తువును వాడటం, చివరికి పారేయడం వంటివన్నీ మూడో పరిధి. చాలా వ్యాపారాలకు సింహభాగం ఈ మూడో దానిలోనే ఉంటుంది. అదే లెక్క తేల్చడానికి కష్టమైనదీ, నివేదికల్లో తేలిగ్గా జారిపోయేదీ.

వాయువులతో ఆగకండి. నీరు ఎంత తీసుకుంటున్నారు, ఎంత శుభ్రంగా తిరిగి వదులుతున్నారు? వ్యర్థాలు ఎక్కడికి పోతున్నాయి? ఒప్పంద కార్మికుల జీతం ఏ తేదీన అందుతోంది? చిన్న సరఫరాదారులకు బిల్లు ఇచ్చిన ఎన్నో రోజున డబ్బు చేరుతోంది? చివరి ప్రశ్నకు జవాబు మీ ఖాతాల విభాగం దగ్గర ఇప్పటికే ఉంటుంది, సాయంత్రంలోగా తెప్పించుకోవచ్చు. సంస్థ స్వభావం గురించి ఆ ఒక్క అంకె చెప్పేంతగా ఏ వార్షిక నివేదికా చెప్పదని నా నమ్మకం.

అన్నిటినీ ఒకేసారి కొలవాలని చూస్తే ఏదీ మిగలదు. పెద్దవి రెండో మూడో ఎంచుకుని ఒక ఆధార సంవత్సరాన్ని (తర్వాతి అంకెలను పోల్చి చూసుకునే ఏడాదిని) ఖరారు చేయండి. ఇక్కడ ఒక మోసం పొంచి ఉంటుంది. ‘యూనిట్‌కు ఉద్గారాలు తగ్గాయి’ అన్నది నిజమే కావచ్చు, కానీ ఉత్పత్తి రెట్టింపైతే మొత్తం ఉద్గారాలు పెరిగి ఉండవచ్చు. నదికి యూనిట్ల లెక్క తెలియదు. రెండు అంకెలనూ పక్కపక్కనే రాయండి.

లాభం, ప్రజలు, భూమి అనే మూడు గీటురాళ్ల ఆలోచనకు 1994లో పేరు పెట్టిన బ్రిటిష్ రచయిత జాన్ ఎల్కింగ్టన్ 2018లో తానే ఆ ఆలోచనను ‘వెనక్కి పిలుస్తున్నట్టు’ ప్రకటించాడు, లోపమున్న వాహనాలను కంపెనీలు వెనక్కి పిలిచినట్టుగా. పెట్టుబడిదారీ వ్యవస్థను తిరిగి ఆలోచించడానికి ఉద్దేశించిన దాన్ని అకౌంటింగ్ పద్ధతిగా కుదించేశారన్నది ఆయన ఫిర్యాదు. మీ పట్టికలు నింపేవారికి ఈ సంగతి చెప్పి ఉంచండి.

నాలుగో అడుగు: ఒక్క పెద్ద లక్ష్యం, దానికి డబ్బు ఎక్కడిదో చెప్పే లెక్క

ఈ విషయంలో నేను మళ్లీ మళ్లీ ఉదహరించేది కార్పెట్ టైల్స్ (పలకలుగా పరిచే తివాచీలు) తయారుచేసే అమెరికా సంస్థ ఇంటర్‌ఫేస్‌ను. రే ఆండర్సన్ దాన్ని 1973లో స్థాపించాడు. ముడిసరుకంతా దాదాపు పెట్రోలియం నుంచే. 1994లో కొనుగోలుదారులు ‘పర్యావరణం కోసం మీరేం చేస్తున్నారు?’ అని అడగడం మొదలుపెట్టారు. సంస్థలో ఇందుకోసం ఏర్పాటైన బృందం ముందు తన దృక్పథం గురించి మాట్లాడమని ఆండర్సన్‌ను కోరారు. చట్టాన్ని పాటిస్తున్నాం అనడం తప్ప చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. ఆ ప్రశ్నను పక్కకు నెట్టకుండా చదివాడు, ఆలోచించాడు. చివరికి 2020 నాటికి పర్యావరణం మీద తమ దుష్ప్రభావాన్ని సున్నాకు తేవాలన్న లక్ష్యం పెట్టాడు. ఆయన 2011లో మరణించినా సంస్థ ఆ దారి వదల్లేదు. లక్ష్యం చేరామని 2019లో ప్రకటించింది.

నకలు చేయాల్సింది ఆయన ఉత్సాహం కన్నా ఆయన పాటించిన వరుసక్రమాన్ని. మొదట పట్టుకున్నది వ్యర్థాన్ని. వ్యర్థం తగ్గితే ఖర్చు తగ్గుతుంది. అలా మిగిలిన డబ్బు తర్వాతి ఖరీదైన మార్పులకు ఆసరా అయింది. ఖర్చుల విభాగాన్ని శత్రువుగా చేసుకోకుండా మొదటి విజయాన్ని వాళ్ల పట్టికలోనే కనిపించేలా చేయడం మంచి ఎత్తుగడ. మీ మొదటి ఏడాది ప్రణాళికలో డబ్బు ఆదా చేసే పని కనీసం ఒకటి, డబ్బు ఖర్చయ్యే పని కనీసం ఒకటి ఉండాలి. మొదటిది మాత్రమే ఉంటే అది పొదుపు కార్యక్రమం. రెండోది మాత్రమే ఉంటే అమ్మకాలు తగ్గిన మొదటి త్రైమాసికంలోనే ఆగిపోతుంది.

ఐదో అడుగు: నిర్ణయ పత్రం

ఒక్క పేజీ కాగితం. ముఖ్యమైన ఏ నిర్ణయానికైనా సంతకం పెట్టే ముందు నింపాలి. ఊహాత్మకంగా ఒకటి నింపి చూపిస్తాను.

విషయం: అట్టపెట్టెల సరఫరాదారును మార్చడం.
ఈ రోజే ఎందుకు: కొత్త సంస్థ ఇచ్చిన కొటేషన్ గడువు శుక్రవారం. పొడిగించమని అడిగామా? లేదు.
ఏం కలిసొస్తుంది: ధర ఎనిమిది శాతం తక్కువ.
ఎవరు భరిస్తారు: పాత సరఫరాదారు దగ్గర పనిచేసే పన్నెండు మంది. వారి ఉత్పత్తిలో సగానికి పైగా మనమే కొంటున్నాం.
మనకు తెలియనిది: కొత్త సంస్థ ఇంత తక్కువకు ఎలా ఇవ్వగలుగుతోంది? కాగితం ఎక్కడి నుంచి వస్తోంది? వాళ్ల షెడ్డును మనవాళ్లెవరూ చూడలేదు.
వెనక్కి తీసుకోగలమా: ఆరు నెలల తర్వాత పాతవారు ఉంటారో లేదో చెప్పలేం.
అభ్యంతరం చెప్పినవారు: గోడౌన్ బాధ్యుడు. కారణం: పాతవారు అత్యవసరానికి రాత్రిపూట కూడా సరుకు పంపారు.
నిర్ణయం: గడువు పది రోజులు పొడిగించమని అడగాలి. పాతవారితో ధర గురించి ఒకసారి మాట్లాడాలి. కొత్తవారి షెడ్డు చూసి రావాలి.
తిరిగి చూసే తేదీ: మూడు నెలల తర్వాత.

గమనించండి, ఈ పత్రం చౌక ధరను వద్దనలేదు. చివరికి కొత్తవారినే ఎంచుకోవచ్చు. ‘మనకు తెలియనిది’ అన్న వరుస ఖాళీగా ఉంటే మాత్రం ఆ పత్రాన్ని తిప్పి పంపండి. తెలియనిదేమీ లేదని రాసినవాడు ఆలోచించలేదని అర్థం. ‘అభ్యంతరం చెప్పినవారు’ అన్నచోట వరుసగా మూడు పత్రాల్లో ఎవరి పేరూ లేకపోతే చిక్కు మీ కాగితంలో లేదు, మీ గదిలో ఉంది.

ఆరో అడుగు: చెడువార్త మీ దాకా రావాలి

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనంలో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని దుకాణాలు, బ్యాంకు మూసేశారు. పై అంతస్తుల్లోని దుస్తుల కర్మాగారాల కార్మికులను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 24 ఉదయం భవనం కూలింది. 1,100 మందికి పైగా మరణించారు. అక్కడ కుట్టిన బట్టలు కొన్నది విదేశీ బ్రాండ్లు. సరుకు సమయానికి పంపాలన్న ఒత్తిడి కార్మికులను లోపలికి నడిపించింది. పగుళ్లు అందరికీ కనిపించాయి. కనిపించిన దాన్ని బట్టి పని ఆపగలిగే అధికారం, చూసిన కార్మికుల చేతిలో లేదు.

తెలిసినవాడికి ఆపే అధికారం ఉండటమే ఈ అడుగు సారాంశం. టయోటా కర్మాగారాల్లో లోపం గమనించిన ఏ కార్మికుడైనా తాడు లాగి (ఇప్పుడు కొన్ని చోట్ల మీట నొక్కి) సాయం పిలవవచ్చు. అవసరమైతే ఉత్పత్తి వరుస ఆగుతుంది. తాడు వేలాడదీయడం ఎవరైనా చేయగలరు. లాగినవాడి దగ్గరకు పర్యవేక్షకుడు ఏ ముఖంతో వస్తాడన్న దాన్ని బట్టే రెండోసారి ఎవరైనా లాగుతారా లేదా అన్నది తేలుతుంది.

అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లను అధ్యయనం చేసినప్పుడు, మంచి జట్లలో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశించింది. లెక్కల్లో తిరగబడి కనిపించింది. మంచి జట్లే ఎక్కువ పొరపాట్లు నమోదు చేస్తున్నాయి. తప్పులు ఎక్కువ జరగడం వల్ల కాదు, వాటి గురించి అక్కడ నోరు విప్పగలుగుతున్నారు కాబట్టి. ఈ భయం లేనితనాన్నే ఆమె 1999లో మానసిక భద్రత పేరుతో సిద్ధాంతీకరించింది. మీ సంస్థలో ఫిర్యాదులు ఒక్కసారిగా తగ్గితే సంబరపడే ముందు ఈ ఫలితాన్ని గుర్తుచేసుకోండి.

చేయాల్సినవి కొన్ని. సమావేశంలో మీరు చివర మాట్లాడండి, అందరికన్నా చిన్న హోదాలో ఉన్నవారిని ముందు మాట్లాడనివ్వండి. చెడువార్త తెచ్చిన మనిషితో మీరు అనే మొదటి వాక్యాన్ని ముందే సిద్ధం చేసుకోండి. ‘ఇప్పుడా చెప్పేది?’ అన్న మాట నోటి చివర వరకూ వచ్చే తీరుతుంది. దాని స్థానంలో ‘ఎవరికైనా ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందా?’ అన్న ప్రశ్న ఉండాలి. పెద్ద పని మొదలుపెట్టే ముందు మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిని పాటించండి: ‘ఏడాది గడిచింది, ఈ పథకం ఘోరంగా విఫలమైంది. ఎందుకో ఒక్కొక్కరూ రాయండి’ అని అడగండి. ‘ఏమైనా సందేహాలున్నాయా?’ అని అడిగితే మౌనంగా ఉండేవారు కూడా దీనికి అరపేజీ రాస్తారు. విఫలమైందని ముందే ఒప్పుకున్నాక కారణం చెప్పడం తిరుగుబాటు అనిపించదు కదా!

ఏడో అడుగు: జనం దగ్గరకు వెళ్లడం

అన్నిటికన్నా ఎక్కువ పనులు చెడిపోయేది ఇక్కడే. మంచి ఉద్దేశంతో, పూర్తయిన పథకంతో, ఫొటోలు తీసేవాడితో సహా వెళ్లి ‘మీ అభిప్రాయం చెప్పండి’ అంటారు. వచ్చినవాళ్లు చప్పట్లు కొడతారు. అలా వేయించిన చేతిపంపు దగ్గర రెండేళ్ల తర్వాత గడ్డి మొలుస్తుంది.

2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న తొలి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ చెరువులు, అడవులు, చేపల వేట ప్రాంతాలు, సాగునీటి కాలువల వంటి ఉమ్మడి వనరులను జనం ఎలా కాపాడుకుంటున్నారో దశాబ్దాలపాటు పరిశీలించింది. ప్రభుత్వమో, ప్రైవేటు యాజమాన్యమో లేకపోతే ఉమ్మడి సొత్తు నాశనమవుతుందన్న వాదన ప్రతిచోటా నిజం కాదని చూపించింది. దీర్ఘకాలం నిలిచిన వ్యవస్థల్లో ఆమెకు కనిపించిన లక్షణాలు నాయకుడికి తయారుగా ఉన్న ప్రశ్నల పట్టిక లాంటివి. వనరును వాడుకునే హక్కు ఎవరికుందో స్పష్టంగా ఉందా? నియమాలు ఆ చోటి పరిస్థితికి తగినట్టున్నాయా? నియమాల కింద బతికేవారికి వాటిని మార్చే అవకాశముందా? కాపలా కాసేవారు ఆ జనానికి జవాబుదారులేనా? మొదటి తప్పుకు చిన్న శిక్ష, పదే పదే చేస్తే పెద్ద శిక్ష అన్న క్రమం ఉందా? తగాదా వస్తే తక్కువ ఖర్చుతో తేల్చుకునే చోటుందా? బయటి ప్రభుత్వం వారి ఏర్పాటును గుర్తిస్తోందా?

ఈ ప్రశ్నలకు జవాబులు మీ కార్యాలయంలో దొరకవు. వెళ్లాలి. వెళ్లే తీరు గురించి కొంచెం వివరంగా చెబుతాను.

మొదటి సమావేశానికి మీ పథకం కాగితం తీసుకెళ్లకండి. వేదిక, బల్ల, మైకు వద్దు. అందరూ ఒకే ఎత్తులో కూర్చోవాలి. ఎవరు వచ్చారో రాయడంతోపాటు ఎవరు రాలేదో కూడా రాయండి. రోజుకూలీకి పనివేళలో సమావేశం పెడితే అతని కూలి పోతుంది. పిల్లలున్న ఆడవాళ్లకు చీకటిపడ్డాక కుదరదు. అంటే ఒక్క సమావేశం సరిపోదని అర్థం, రెండు మూడు వేళల్లో పెట్టాలి. ముందు వరుసలో కూర్చుని మొదట మాట్లాడే పెద్దమనిషి ఊరి అభిప్రాయం చెబుతున్నాడని అనుకోకండి. అతను మాట్లాడుతున్నప్పుడు వెనక నిలబడ్డవారి ముఖాలు చూడండి. ఎవరో తల పక్కకు తిప్పుకుంటారు, ఎవరో పక్కవారితో గొణుగుతారు. సమావేశం ముగిశాక మీ వాహనం వైపు పరుగెత్తకుండా అరగంట అక్కడే ఉండండి. అసలు సంగతులు ఆ అరగంటలో, ఒక్కొక్కరూ పక్కకు వచ్చి చెప్పేవే. మీరు విన్నదాన్ని వారి మాటల్లోనే రాసి, తర్వాతిసారి చదివి వినిపించండి. ‘మేం అన్నది ఇది కాదు’ అని దిద్దితే సంతోషించండి.

ఆదివాసీ సమాజాల విషయంలో ఇది మర్యాదతో ఆగే సంగతి కాదు. ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2007లో ఆమోదించిన ప్రకటన స్వేచ్ఛగా, ముందుగా, పూర్తి సమాచారంతో ఇచ్చే సమ్మతిని కోరుతుంది. వద్దనే అవకాశం లేని చోట సమ్మతికి అర్థం ఉండదు. మీ పథకంలో ‘వాళ్లు ఒప్పుకోకపోతే’ అన్న పేరా ఉందా? లేకపోతే వెళ్లే ముందు రాసుకోండి.

వ్యాపారాలు, మానవ హక్కులపై 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు ఫిర్యాదుల పరిష్కార వ్యవస్థ ఎలా ఉండాలో చెబుతాయి: జనానికి నమ్మకం కలగాలి, అందుబాటులో ఉండాలి, ఏ దశలో ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలియాలి. దీన్ని ఆచరణలో పెట్టడానికి నేను సూచించే పరికరం వాగ్దానాల రిజిస్టరు. ఎవరు, ఏ తేదీన, ఎవరి సమక్షంలో, ఏం చేస్తామన్నారో అందులో ఉంటుంది. ఒక ప్రతి మీ దగ్గర, రెండోది వారి దగ్గర. చేయలేకపోయినదాన్ని కొట్టేయకుండా ఎందుకు చేయలేదో ఎదురుగా రాయాలి. నోటి మాటగా ఇచ్చిన హామీలన్నీ ఇందులోకి ఎక్కించడం మొదలుపెడితే మీ సిబ్బంది హామీలు ఇవ్వడం సగానికి సగం తగ్గిస్తారు. ఆ తగ్గుదలే ఒక మంచి ఫలితం.

వ్యాపార ప్రయోజనం, ఊరి ప్రయోజనం ఒకేచోట కలిస్తే పని ఎక్కువకాలం నిలుస్తుంది. ఇంటర్‌ఫేస్ సంస్థ 2012లో లండన్ జంతుశాస్త్ర సంఘంతో కలిసి ఫిలిప్పీన్స్ తీర గ్రామాల్లో పారేసిన చేపల వలలు కొనడం మొదలుపెట్టింది. ఆ నైలాన్‌ను శుద్ధి చేసి కార్పెట్ నూలు తీశారు. తీరంలో చెత్త తగ్గింది, ఊరివారికి ఆదాయం వచ్చింది, వారి పొదుపు సంఘాలకు ఊతం దొరికింది, సంస్థకు ముడిసరుకు దక్కింది. ఇందులో ఎవరూ ఎవరికీ దానం చేయలేదు.

ఎనిమిదో అడుగు: మీరు లేకపోయినా నడిచేలా కాగితం మీద పెట్టండి

ఎరుక ఉన్న నాయకుడు వెళ్లిపోయాక ఏమవుతుంది? ఫ్రాన్స్‌కు చెందిన ఆహార సంస్థ డానోన్ 2020లో లక్ష్యబద్ధ సంస్థగా (లాభంతోపాటు సామాజిక, పర్యావరణ లక్ష్యాలను తన నియమావళిలోనే రాసుకున్న సంస్థగా) మారడానికి వాటాదారులు 99 శాతానికి పైగా ఓట్లతో ఆమోదం తెలిపారు. ఆ మార్పును నడిపించిన అధిపతి ఇమాన్యుయెల్ ఫాబెర్‌ను 2021 మార్చిలో బోర్డు తప్పించింది. షేరు ధర వెనకబడిందని కొందరు పెట్టుబడిదారులు ఒత్తిడి తెచ్చారు. దీన్ని చూసి సుస్థిరత లాభానికి శత్రువని తీర్మానించేవారున్నారు. నాకు కనిపించేది వేరు. చప్పట్లతో వచ్చిన మద్దతుకూ, కష్టకాలంలో నిలిచే మద్దతుకూ తేడా ఉంది. రెండో రకాన్ని ముందే కూడగట్టుకోవాలి. పెట్టుబడిదారులతో మాట్లాడటం కూడా జనంతో మాట్లాడినంత ఓపికగా చేయాల్సిన పనే.

యాజమాన్య నిర్మాణాన్నే మార్చినవారూ ఉన్నారు. అమెరికా దుస్తుల సంస్థ పటగోనియా యజమాని ఇవాన్ షునార్డ్ కుటుంబం 2022లో తమ వాటాలను ఒక ట్రస్టుకూ, పర్యావరణం కోసం పనిచేసే ఒక లాభాపేక్షలేని సంస్థకూ బదిలీ చేసింది. స్పెయిన్‌లోని మోండ్రగాన్‌లో 1956లో మొదలైన కార్మిక సహకార వ్యవస్థ ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ సభ్యుడికి వాటా ఎంతున్నా ఓటు ఒక్కటే. మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు. పై అధికారుల బోనస్‌లో కొంత భాగాన్ని మూడో అడుగులో ఎంచుకున్న అంకెలకు ముడిపెట్టడం, నిర్ణయ పత్రాన్ని బోర్డు తీర్మానంతో తప్పనిసరి చేయడం, వాగ్దానాల రిజిస్టరును ఆడిట్ పరిధిలోకి తేవడం చాలు. ఈ మూడూ ఒక్క బోర్డు సమావేశంలో తేలే పనులు.

తొమ్మిదో అడుగు: మూడు నెలలకొకసారి

సమీక్షకు అరపూట కేటాయించండి. తిరిగి చూసే తేదీ దాటిన నిర్ణయ పత్రాలు, రిజిస్టరులో గడువు మీరిన వాగ్దానాలు, రెండు మూడు అంకెలు. అంతకు మించి ఏమీ వద్దు. సరఫరాదారుల నుంచి ఒకరినీ, మీ పని ప్రభావం పడే ఊరి నుంచి ఒకరినీ పిలవండి. వారి ప్రయాణ ఖర్చు, పోయిన కూలి మీరే చెల్లించాలి. వారు మాట్లాడేటప్పుడు జవాబు చెప్పే ప్రయత్నం చేయకండి, రాసుకోండి. జవాబు పది రోజుల్లో రాతపూర్వకంగా పంపండి.

అప్పటికి ఫలించని పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ఆపే నిర్ణయం కూడా ఆ సమీక్షలోనే తీసుకోండి. ఆపేటప్పుడు ఆ పని మీద ఆధారపడినవారికి ముందుగా ఎన్ని రోజుల వ్యవధి ఇస్తారో, బకాయిలు ఏ తేదీకి తీరుస్తారో, యంత్రాలు, భూమి ఎవరికి అప్పగిస్తారో నిర్ణయ పత్రంలో రాసి, దాని ప్రతి వాళ్ల చేతికి ఇచ్చాకే సంతకం పెట్టండి.